మామగారి కారు లైట్లో చెమ్మ

కారు హెడ్‌లైట్లో చెమ్మ చేరితే ఏం చేయాలో తెలియని మనిషి చెన్నైలో లేడు. కారు లేనివాళ్లకు మరీ బాగా తెలుసు. ఈ సత్యం నాకు ఒక వానాకాలంలో, మా అపార్ట్‌మెంట్ కింద, బానెట్ ఎత్తిన కారు పక్కన నిలబడి ఉండగా బోధపడింది.

మాది పెరంబూరు. మాది అంటే మా అత్తవారిది. నేను గుంటూరు నుంచి ఉద్యోగానికని వచ్చి, ఎన్ని తరాల కిందటో ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లింటికి కోడలినయ్యాను. ఇంట్లో మాట్లాడేది తెలుగేనని పెళ్లికి ముందు గట్టిగా చెప్పారు. అది నిజమే. కాకపోతే ఆ తెలుగు నాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది. నా మాట విని మా అత్తగారు, "నువ్వు వార్తలు చదివినట్టే మాట్లాడతావమ్మా" అన్నారు. మెచ్చుకుంటున్నారనుకుని కొంతకాలం మురిసిపోయాను కూడా.

మామగారు రైలు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మొదట గూడ్సు బళ్లు, తర్వాత లోకల్ రైళ్లు. రిటైరయ్యాక మనుషులు కాశీకి వెళతారు, కుండీల్లో మొక్కలు పెంచుతారు, టీవీలో చర్చలు చూసి బీపీ పెంచుకుంటారు. ఆయన కారు కొన్నారు. కొని, దానికొక డ్యూటీ వెతుక్కున్నారు. ఆ డ్యూటీ నేనే. పొద్దున నన్ను టి. నగర్‌లో ఆఫీసు దగ్గర దింపడం, సాయంత్రం మళ్లీ వచ్చి ఎక్కించుకోవడం. "మనింట్లో బండి పెట్టుకోని, ఆ రైల్లో నలిగి పొయ్యేదెందుకమ్మా?" అని ఆయనే అన్నారు. జీవితమంతా రైలు మీద బతికిన మనిషి కోడల్ని రైలెక్కొద్దనడం వింతగానే తోచింది. కానీ ఊరికే సీటు దొరికే చోట తర్కం మాట్లాడకూడదు గనక నోరు మూసుకున్నాను.

ఆయన కొడుక్కి, అంటే మా ఆయనకు, కారు తోలడం రాదు. స్కూటరు వెనక కూర్చున్నా మలుపు వస్తే కళ్లు మూసుకుంటాడు. నాకు లైసెన్సు ఉంది. బ్యాంకులోనూ విమానాశ్రయంలోనూ నా ఫొటో చూపించడానికి అది బాగా పనికొస్తోంది. ఇంట్లో స్టీరింగ్ ముట్టుకునే హక్కు మాత్రం ఒక్కరిదే. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నీళ్ల సీసా పట్టుకుని, నాకంటే ముందే కిందికి దిగి, టైర్లన్నీ కాలితో తన్ని చూసి నిలబడేవారు. "ఏమ్మా, పోదామా? లేటైపోతా ఉండాది" అనేవారు. నేనెప్పుడు దిగినా ఆయన లెక్కలో లేటే.

ఆ కారు ఎక్కడానికి ఒక షరతు ఉంది. రైలింజన్లో ఇద్దరున్నప్పుడు, సిగ్నల్ చూడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలట. రెండోవారు తామూ చూసి అదే మాట తిరిగి చెప్పాలట. ఒకరు పొరపడినా రెండోవారు పట్టుకుంటారని. మామగారు ఇంజను దిగారు గానీ ఈ అలవాటు దిగలేదు. ప్రతి కూడలి దగ్గరా ఆయన "ఎరుపు" అనేవారు. పక్క సీట్లోంచి నేను "ఎరుపు" అనాలి. ఆయన "పచ్చ" అంటే నేను "పచ్చ" అనాలి. ఫోన్లో ఆఫీసు మీటింగు నడుస్తున్నా సరే. పని ఎక్కడిదాకా వచ్చిందో మా మేనేజరుకు చెబుతూ మధ్యలో "ఎరుపు" అనేసరికి, ఏది మునిగిందోనని ఆ తెలుగాయన హడలిపోయాడు ఒకసారి.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం కూడా ఉంది. "కనపడలేదు" అనే మాట ఎవరి నోటా రాకూడదు. కాపురానికి వచ్చిన కొత్తలో వంటింట్లోంచి, "అత్తయ్యా, ఉప్పు డబ్బా కనపడటం లేదు" అని కేకేశాను. ఆవిడ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఈ ఇంట్లో ఆ మాట అనబాకమ్మా. దొరకలేదు అను."

కారణం తర్వాత చెప్పారు. రైలు డ్రైవరుకు కళ్లే ఉద్యోగం. వైద్యపరీక్షలో కంటిచూపు దగ్గర తప్పితే బండి దించేసి, కుర్చీలో కూర్చోబెట్టి కాగితాల పని ఇస్తారు. క్వార్టర్స్‌లో వీళ్ల పక్కింటాయనకు అలాగే అయిందట. ఆ తర్వాత ఆయన వీధి గుమ్మంలోంచి ఇంటికి రావడం మానేసి, వెనక సందులోంచి వచ్చేవాడట. అందుకని పరీక్ష దగ్గరపడుతుంటే ఆ వీధిలో ఇంటింటా చదువే. డాక్టరు గది గోడ మీదుండే అక్షరాల బోర్డును డ్రైవర్లు బట్టీపట్టి భార్యలకు అప్పజెప్పేవారట. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. కానీ పిండి రుబ్బుతూ "ఈ, ఎఫ్ పి, టి ఓ జెడ్" అని ఇప్పటికీ స్తోత్రం చదివినట్టు తడుముకోకుండా చదువుతారు. "మీ మామది గద్ద చూపు. ఊరికే భయం, అంతే" అని చివర్లో చేర్చడం మాత్రం మరిచిపోరు.

ఆ భయానికి మందు పొన్నగంటి కూర. కళ్లకు మంచిదట. పప్పులో పొన్నగంటి, వేపుట్లో పొన్నగంటి, చట్నీలోకి కూడా అదే. వారానికొకసారి అయితే భరించొచ్చు. ఆ ఏడాది ఎందుకో మార్కెట్లో ఇంకో ఆకు మొలవనట్టు రోజు మార్చి రోజు అదే వండేవారు. దాని మీద నాకున్న అభిప్రాయం రాస్తే మర్యాదగా ఉండదు.

ఇక వాన సంగతి. చెన్నైలో తొమ్మిది నెలలు నీళ్ల కోసం ఏడుస్తాం, మిగతా మూడు నెలలు నీళ్లలో నిలబడి ఏడుస్తాం. ఆ ఏడాది దీపావళి వెళ్లగానే కురిసిన వానకు మా వీధి కాలువైంది. నీళ్లు లాగేశాక చూస్తే కారు హెడ్‌లైట్లు రెండిట్లోనూ చెమ్మ. కుడి లైటు లోపల అద్దం మీద మంచు పట్టినట్టుంది. ఎడమదాంట్లో చేపపిల్లను వదలొచ్చు. మామగారు వంగి చూశారు, నిలబడి చూశారు, నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పారు.

"లైటు సరిలేదమ్మా. ఇట్టాంటి లైటు పెట్టుకోని చీకట్లో బండి తియ్యకూడదు. రూల్సు ఒప్పుకోవు. పొద్దున డ్యూటీ చేస్తా. సాయంత్రం నువ్వు రైల్లో వచ్చెయ్."

అలా నా సాయంత్రపు సీటు పోయింది. టి. నగర్ దగ్గర సాయంత్రం రైలెక్కడమంటే ఏమిటో ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఎక్కనివాళ్లు చెప్పినా నమ్మరు. ఎవరివో చీరల సంచులు మోకాళ్లకు గుద్దుకుంటుంటే, ఇంకెవరిదో తడిసిన గొడుగు నా మెడలోకి కారుతుంటే, ఒంటికాలి మీద నిలబడి నేను శపథం చేశాను. ఆ లైట్లు ఆరబెట్టి తీరతాను. మామగారి మీద ప్రేమతో కాదు, సీటు మీద ప్రేమతో.

మొదటి సలహా కింది ఇంటి లెక్చరరుగారిది. ఆయనకు కారు లేదు. "ఫోను నీళ్లలో పడితే బియ్యంలో పెడతాం గదా, ఇదీ అంతే" అన్నాడు. లైటు వెనక రబ్బరు మూత తీసి, గుడ్డలో బియ్యం మూటగట్టి లోపల దోపాం. చెమ్మ పోలేదు. ఎలుక వచ్చింది.

రెండో సలహా పై అంతస్తు ఆవిడది. జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి లైటు మీదికి వేడిగాలి కొట్టమంది. వైరు అందక వాచ్‌మన్ గదిలోంచి కరెంటు లాగాం. ఫ్యూజు ఎగిరిపోయింది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ లిఫ్టులో ఇరుక్కుపోయాడు. ఆయన బయటికొచ్చాక మాట్లాడిన తమిళంలో కొన్ని మాటలు మా ఆయన నాకు అనువాదం చేయడానికి ఒప్పుకోలేదు. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని, ఇంటింటికీ తిరిగి చెప్పుల డబ్బాల్లో ఉండే తెల్ల గుళికల పొట్లాలు పోగుచేశాను. మీద "తినకూడదు" అని రాసి ఉంటుందే, అవి. ఆ పొట్లాలు చెమ్మను పీల్చేస్తాయట. మద్రాసు గాలిని చూసి అవే బెంబేలెత్తాయి.

చివరికి మా అత్తగారు రంగంలోకి దిగారు. పసిపిల్లలకు తలకు పోశాక వేసినట్టు, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి, రెండు లైట్లకూ పొగ వేశారు. కారుకు జలుబు తగ్గుతుందేమో అనిపించింది చూస్తుంటే. లైట్ల లోపల మంచుకు తోడు ఇప్పుడు మసి కూడా చేరింది.

ఇంత జరుగుతున్నా మామగారు కుర్చీ వేసుకుని కూర్చుని చూసేవారు తప్ప ఒక్కరికీ అడ్డు చెప్పలేదు. కుళాయి వాషరు నేను తిప్పితేనే "అట్లా కాదు, ఇట్లా" అని లేచే మనిషి. ఎవరు ఏ పిచ్చి సలహా ఇచ్చినా "ఆ, అదీ చూడండి" అనేవారు. వయసుతో ఓర్పు వస్తుందంటారు, ఇదే కాబోలు అనుకున్నాను.

ఓర్పు లేనిది మా ఆయనకు. ఒక రోజు భోజనం దగ్గర తేల్చేశాడు.

"అప్పా, ఇది సరిపడదు. లైటు రెడీ చేయిస్తే సరే. లేదంటే బండి అమ్మేద్దాం. మీరింక తోలింది పోదుం, చాలు."

మామగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "లైటుదే గదరా తప్పు. బండి ఏం చేసింది?" అన్నారు. గొంతు చాలా చిన్నగా ఉంది. ఆ రాత్రికే మా ఆయన కారు ఫొటోలు తీసి అమ్మకానికి ప్రకటన పెట్టాడు. కారు పోతే నాకు రైలు తప్పదు. కానీ మామగారికి ఏం మిగులుతుంది? ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన ఎక్కడికి దిగుతారు? అప్పటినుంచి నా పోరాటం సీటు కోసం మాత్రమే కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదనుకోండి, ఇంట్లో నాకున్న పేరు పాడవుతుంది.

అప్పటికే కారులో నాకు ప్రమోషన్ కూడా వచ్చింది. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు గానీ, సిగ్నల్ దగ్గర మామగారు రంగు చెప్పడం మానేసి నా వైపు తల తిప్పి ఆగేవారు. నేను "ఎరుపు" అంటే అప్పుడు ఆయన "ఎరుపు" అనేవారు. ఇన్నాళ్లకు నన్ను పెద్ద డ్రైవరుగా గుర్తించి, తాను అసిస్టెంటుగా తప్పుకున్నారని పొంగిపోయాను. మెడ నిక్కించి మరీ చెప్పేదాన్ని.

నేనే మెకానిక్‌ను పట్టుకొచ్చాను. అతను లైట్లు రెండూ ఊడదీసి, అద్దాలు విప్పి, లోపల మసీ, బియ్యపు గింజలూ తుడిచి, అవి ఎలా వచ్చాయని అడగబోయి నా మొహం చూసి మానేసి, ఆరబెట్టి, కొత్త జిగురుతో బిగించి ఇచ్చాడు. లైట్లు పెళ్లిలో దీపాల్లా వెలిగాయి. మా ఆయన నోరు మూయించినందుకు నాకు కలిగిన సుఖం అంతా ఇంతా కాదు.

"మామయ్యా, ఇంక సాయంత్రం డ్యూటీ కూడా ఉంది" అన్నాను.

"ఆ... చేద్దాం, చేద్దాం" అన్నారు ఆయన, లైట్ల వైపు చూడకుండా.

ఆ సాయంత్రం వచ్చారు. ఎలా వచ్చారంటే, ఇంకా ఎండ ఉండగానే వచ్చి ఫోన్ చేశారు. "పని అయిపోయిందా? రా రా, వాన వచ్చేటట్టుండాది." ఆకాశంలో మబ్బు తునక లేదు. మర్నాడూ అంతే. నేను త్వరగా లేచిపోతుంటే ఆఫీసులో మా మేనేజరు గడియారం వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ గడియారం వైపు చూశాడు. దారిలో పొద్దు వాలుతుంటే మామగారు స్టీరింగ్‌ను రెండు చేతులా బిగించి పట్టుకుని, సైకిలు మీద పోయే పూలాయన మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా నడిపారు. కొత్త లైట్లు అరిగిపోతాయని భయమేమో అని వేళాకోళమాడాను. ఆయన నవ్వలేదు.

ఆ వారం తిరక్కుండా లైట్లలో మళ్లీ చెమ్మ. ఈసారి చుక్కలు కాదు, లోపల అడుగున నీళ్లే నిలిచాయి. వాన కూడా పడలేదు. మామగారు "సాయంత్రం నువ్వు రైల్లో వచ్చెయ్ అమ్మా" అన్నారు. మెకానిక్‌ను ఫోన్లో కడిగిపారేశాను. మా ఆయన, "ఎవరో బండి చూడ్డానికి ఆదివారం సాయంత్రం వస్తామన్నారు" అని మెల్లగా చెప్పి, నేనేమంటానోనని స్నానాల గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం పొద్దున నేను ఆఖరి ప్రయత్నంగా కిందికి దిగాను. ముందురోజు ఒక వీడియో చూశాను. అందులో మెకానిక్ ఒకాయన చెప్పిందేమిటంటే, హెడ్‌లైటు గాలి చొరకుండా మూసిన డబ్బా కాదట. దాని వెనక ఊపిరి తీసుకునే చిన్న గొట్టం ఒకటి ఉంటుందట. కాస్త మంచు పడితే, దీపం వేడికి అది ఆవిరై ఆ గొట్టంలోంచి దానంతటదే పోతుందట. గొట్టం మూసుకుపోతే మాత్రం లోపలి తడి లోపలే ఉండిపోతుందట. ఇంత తేలిక సంగతి బియ్యం, ఎలుక, సెక్రటరీ, సాంబ్రాణి అన్నీ అయ్యాక నాకు తెలిసింది.

బానెట్ ఎత్తి, లైటు వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాను. గొట్టం ఉండాల్సిన చోట గట్టిగా ఒక ముద్ద తగిలింది. ఫోను వెలుతురు వేసి చూస్తే, పైపులు కారకుండా ప్లంబర్లు అంటించే పుట్టీ. ఎవరో శ్రద్ధగా గొట్టం నోరు మూసి, అంచులు నున్నగా తీర్చి, బొటనవేలితో నొక్కారు. వేలి ముద్ర అలాగే గట్టిపడి ఉంది. రెండో లైటుకూ అంతే.

నాకు పట్టరాని ఆనందం. ఇంట్లో కిటికీ కారినా, బాత్‌రూం గొట్టం కారినా ఆ పుట్టీతో మూసేది మామగారే. నీళ్లు రాకూడదంటే కనిపించిన కన్నమల్లా మూసెయ్యడమే పరిష్కారమని ఆయన నమ్మకం. ఇన్నాళ్లూ నన్ను రైలెక్కించింది ఈ అమాయకత్వమా! ఆయన పాల ప్యాకెట్లు పట్టుకుని గేటులోంచి వస్తుంటే ఎదురెళ్లి, ఆ వీడియో మెకానిక్ కంటే బాగా పాఠం చెప్పాను. ఊపిరి, ఆవిరి, గొట్టం, దీపం వేడి, అన్నీ. మామగారు మధ్యలో అడ్డం రాకుండా మొత్తం విన్నారు.

"తెలుసమ్మా" అన్నారు.

"తెలిస్తే ఎందుకు మూశారు మామయ్యా?"

ఆయన పాల ప్యాకెట్లు కారు అంచు మీద పెట్టారు. బాల్కనీల వైపు ఒకసారి తలెత్తి చూశారు, ఎవరైనా వింటున్నారేమోనని.

"లైటు బాగుంటే నేనేమని చెప్పేది?"

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు, నేల వైపు చూస్తూ.

"మెకానిక్ బాగుచేసి పోయినాక, బండి కడిగేటప్పుడు వెనక మూత తీసి నేనే లోపల కాసిన్ని నీళ్లు పోసినా. ఆరిపోతాయని ఆ గొట్టం మూసినా. చీకటి పడితే ఎదురుగా వచ్చే లైట్లన్నీ కండ్లల్లో చిట్లిపోయినట్టుంటాయమ్మా. రోడ్డు యాడుండాదో తెలీదు. పగలైతే ఎట్టో సమాళించుకుంటా. నువ్వు చెప్తావు గదా."

"నేనేం చెబుతాను?"

"ఎరుపు, పచ్చ."

నా ప్రమోషన్ ఏమిటో అప్పుడు తెలిసింది. టి. నగర్ దాకా, ఆ బస్సుల మధ్య, రోడ్డు దాటే బడిపిల్లల మధ్య, ఆయన రోజూ కారు నడిపింది నా కళ్లతో. నేనేమో ఒక కన్ను ఫోను మీద పెట్టుకుని జవాబు చెప్పేదాన్ని. కోపం వచ్చింది. మామగారి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అరవబోయి ఆయన చేతులు చూశాను. పాల ప్యాకెట్ ఒకటి జారుతుంటే, దాన్ని పట్టుకోబోయి పక్కన గాలిని పట్టుకున్నారు.

"తాళం ఇవ్వండి మామయ్యా" అన్నాను.

చొక్కా జేబులోంచి తీసి ఇచ్చారు. ఇస్తూ, "వాడికి చెప్పబాక. ఈ పొద్దే అమ్మేస్తాడు" అన్నారు.

"చెప్పను. రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళదాం."

"డాక్టరంటే పరీక్ష పెడతాడు."

"పెడతాడు."

"తప్పితే?"

ఆయన పరీక్షలన్నీ అయిపోయి ఏళ్లు గడిచాయని, ఇప్పుడు తప్పినా కుర్చీలో కూర్చోబెట్టేవాడెవడూ లేడని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కూర్చోబెట్టేవాడు మేడ మీదే ఉన్నాడు, బేరగాళ్ల కోసం చూస్తూ. నా దగ్గర ఎప్పుడూ నిల్వ ఉండే వెటకారం ఆ పూట దొరకలేదు. బేరగాళ్లను రావద్దని నేనే ఫోన్ చేసి చెప్పాను, బండికి బాగా తలనొప్పులున్నాయని. మా ఆయన రుసరుసలాడాడు. ఆడనిచ్చాను.

మర్నాడు సెలవు పెట్టి కారు నేనే తీశాను. మా అత్తగారు గుమ్మంలో నిలబడి నా చేతిలో తాళం చూశారు, మామగారి మొహం చూశారు, ఏమీ అడక్కుండా లోపలికెళ్లిపోయారు. దారిలో సిగ్నల్ వచ్చినప్పుడల్లా నేను రంగు చెప్పాను. పక్క సీట్లోంచి ఆయన తిరిగి చెప్పారు. రెండు మూడు చోట్ల ఆయన అసలు అటు తిరగనే లేదు.

ఆసుపత్రిలో మమ్మల్ని చీకటిగా ఉన్న చిన్న గదిలోకి పిలిచారు. పరీక్ష చేసే అమ్మాయి మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కంటికి మూత పెట్టి, ఎదురుగా గోడ మీద చూసి చదవమంది. ఆయన వీపు నిటారుగా పెట్టారు. చేతులు తొడల మీద పెట్టుకున్నారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"ఈ. ఎఫ్, పి. టి, ఓ, జెడ్..."

ఒక్క తడబాటు లేదు. అత్తగారు చదివే వరస అదే, ఆగే చోట్లూ అవే. ఆ అమ్మాయి గోడ వైపు చూసింది, ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. గోడ మీద ఉన్నది తెర. తెర మీద వెలుగుతున్నవి అంకెలు.

"అయ్యా, ఇందులో అక్షరాలు లేవు. నంబర్లున్నాయి" అంది తమిళంలో, చాలా మెల్లగా.

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. మామగారు నేను కూర్చున్నాననుకుని పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగారు.

"కనపడలేదమ్మా" అన్నారు.

ఉద్యోగమంతా, ఆ తర్వాత కూడా, ఆ ఇంట్లో ఎవరూ అనని మాట. ఆకాశం ఊడిపడలేదు. పరీక్ష చేసే అమ్మాయి "పరవాలేదయ్యా" అని కాగితం మీద రాసుకుంది. డాక్టరు వచ్చి చూసి, రెండు కళ్లకూ శుక్లాలేనని, ఇంత ముదరబెట్టుకున్నందుకు తిట్టి, ఆపరేషన్ చేస్తే మామూలుగా కనిపిస్తుందని చెప్పాడు. మామగారు ఒకే ప్రశ్న అడిగారు. "బండి తోలొచ్చా?" తాను మళ్లీ చూసి సరేనన్నాక తోలొచ్చన్నాడు డాక్టరు. "అప్పటిదాకా మా కోడలు తోలతాది" అన్నారు ఆయన, నన్నడక్కుండానే.

ఇంటికొచ్చి కొడుక్కి తనే చెప్పారు. మా ఆయన ఫోను తీసి అమ్మకం ప్రకటన తీసేశాడు. మా అత్తగారు మాత్రం కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. "ఏడాదిగా రోజు మార్చి రోజు పొన్నగంటాకు ఎందుకు తెస్తా ఉండానంటావు? నాకేమన్నా పిచ్చా?" అన్నారు నాతో. అంటే ఆవిడకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ సాంబ్రాణి వేశారు.

ఆపరేషన్లు అయ్యాక ఒక రోజు మామగారు నల్లద్దాలు పెట్టుకుని కారు పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆయన చెబుతుంటే నేను స్క్రూడ్రైవరుతో పుట్టీ పెల్లగించాను. అడుగున నిలిచిన నీళ్లు గుడ్డతో తీసేసి, లైట్లు కాసేపు వెలిగించి వదిలేశాం. రోజూ కాస్తకాస్త చెమ్మ తగ్గి అద్దాలు తేటపడ్డాయి. కింది ఇంటి లెక్చరరుగారు వచ్చి చూసి, "బియ్యమే పని చేసింది" అన్నాడు.

మామగారికి డాక్టరు అనుమతి వచ్చిన తర్వాత, ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి కిందికి దిగేసరికి బాగా చీకటి పడింది. చీరల దుకాణాల దీపాలన్నీ వెలిగిపోతున్నాయి. కారు నిలబడి ఉంది, లైట్లు తెల్లగా. ఆయన తొందరపెట్టడానికి ఫోన్ చేయలేదు. ఎక్కగానే నన్ను పరీక్షగా చూసి, "ఏంది, నీకిన్ని తెల్లెంట్రుకలుండాయి?" అన్నారు. ఈ చూపు తెప్పించడానికా నేనింత తిరిగింది అనుకున్నాను.

మొదటి కూడలి దగ్గర అలవాటుగా రంగు చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పేశారు.

"ఎరుపు."

నేను ఆయన మొహం వైపే చూస్తుండిపోయాను. ఆయన అటు సిగ్నల్ మీదనుంచి కళ్లు తిప్పకుండానే కసిరారు.

"ఏమ్మా, నిద్రపోతా ఉండావా? తిరిగి చెప్పాల."

"ఎరుపు" అన్నాను.